ఎక్స్‌రేలో కనిపించని నొప్పి



యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరిట మాట్లాడమంటే వక్తలు సాధారణంగా ఆయన మందుల దగ్గర మొదలుపెడతారు. బోదకాలుకు హెట్రజాన్, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్... జాబితా చిన్నదేమీ కాదు. నేను మత్తుమందు డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్లో పని తగ్గించుకున్నాక నొప్పి క్లినిక్‌లో కూర్చుంటున్నాను. అందుకని ఇంకో దారిన వస్తాను. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించాడు. ఏటీపీ అంటే కణం రోజూ ఖర్చు పెట్టుకునే శక్తి అని ఇంటర్ పిల్లలు కూడా చెప్తారు. లోపల ఉన్నంతసేపూ అది శక్తే. కణం చితికి, అది బయటికి ఒలికిందా, ఇక్కడ ఏదో దెబ్బతిన్నదని పక్కనున్న నరాలకు కబురు. 1977లో బ్రిటన్ పరిశోధకులు మనుషుల చర్మం మీద బొబ్బ లేపి, పైపొర తీసి, ఆ పచ్చిచోట ఏటీపీ చుక్కలు వేసి చూశారు. నొప్పి పుట్టింది. 1995లో ఆ కబురును అందుకునే గ్రాహకం నొప్పి నాడుల మీద దొరికింది. దాని పేరు పీ2ఎక్స్3. సుబ్బారావుగారు 1948లోనే పోయారు కాబట్టి తాము బయటికి తీసినది నొప్పి కబురు కూడా అని ఆయనకు తెలిసే వీల్లేదు. ఈ సభలో నొప్పి గురించి మాట్లాడటానికి నాకు ఆ చుట్టరికం చాలు.

నొప్పి గురించి మనకున్న పాత ఊహ ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ రాతకు వేసిన బొమ్మ లాంటిదే. ఆయన పోయాక 1664లో ఫ్రెంచిలో అచ్చైన పుస్తకంలో అది ఉంది. ఒక కుర్రవాడి పాదం నిప్పు దగ్గర ఉంటుంది. పాదం నుంచి తలదాకా ఒక తాడు. కింద లాగితే పైన గంట మోగుతుంది. ఎంత లాగితే అంత మోత. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా మన ఓపీల్లో నడుస్తున్నది ఈ బొమ్మే. మోగిన గంటకు లాగిన చెయ్యి ఎక్కడో ఉండాలి. ఎక్స్‌రే తీద్దాం, ఎమ్మారై తీద్దాం, దొరికితే కోసేద్దాం. దొరక్కపోతే గంటే మోగలేదందాం!

నిన్న విరిగిన ఎముకకు, ఇవాళ పగిలిన అపెండిక్స్‌కు ఈ బొమ్మ బాగానే పనికొస్తుంది. మూడు నెలలు దాటిన నొప్పి దగ్గరే తాడు తెగుతుంది.

నిజానికి అది అంతకుముందే తెగింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ మత్తుమందు వైద్యుడు హెన్రీ బీచర్, ఒళ్లు ఛిద్రమై వచ్చిన సైనికులను, స్పృహలో ఉన్నవాళ్లను, నొప్పికి మందు కావాలా అని అడిగాడు. నూటికి డెబ్బై అయిదుమంది దాకా వద్దన్నారు. 1946లో ఈ సంగతి రాశాడు. దానికి ఎదురు కేసు 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇళ్లు కట్టే కుర్రవాడొకడు పైనుంచి పదిహేను సెంటీమీటర్ల మేకు మీదికి దూకాడు. మేకు బూటులోంచి పైకి వచ్చింది. కదిపితే చాలు కేకలు. గట్టి మందిచ్చి మగతలో పెట్టి బూటు తీస్తే, మేకు రెండు వేళ్ల సందులోంచి పోయింది. చర్మం గీరుకోను కూడా లేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా హౌస్ సర్జన్లు నవ్వుతారు. నేను నవ్వను. ఆ కుర్రవాడు నటించలేదు. కళ్లు చూసింది, చెవులు విన్నది, ఇలాంటి మేకులకు ఏం జరుగుతుందో ఆ పనిలో తెలిసింది, అన్నీ కలిపి మెదడు ఒక నిర్ణయానికి వచ్చింది. సైనికుడి మెదడూ అంతే. బతికి బయటపడ్డాను, ఇక ఇంటికి పంపిస్తారు అన్న లెక్క అక్కడ చేరింది.

1965లో సైన్స్ పత్రికలో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ రాసిన వ్యాసంతో ఈ లెక్కకు శరీరంలో ఒక చోటు దొరికింది. వెన్నుపాములో ఒక ద్వారం ఉందని, కింది నుంచి వచ్చే కబుర్లను అది కొంత ఆపి కొంత వదులుతుందని, పైనుంచి మెదడు కూడా దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటుందని వాళ్లు ప్రతిపాదించారు. వాళ్లు గీసిన తీగల అమరికలో తప్పులున్నాయని తర్వాత తేలింది. మూల సంగతి మాత్రం నిలబడింది. దెబ్బ తగిలిన చోట అమ్మ చేత్తో రుద్దితే ఎందుకు ఉపశమనంగా ఉంటుందో పుస్తకంలో రాయడానికి వీలు దొరికింది.

దీర్ఘకాలపు నొప్పికి అసలు తాళంచెవి అనదగ్గది 1983లో వచ్చింది. వాల్ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న క్లిఫర్డ్ వుల్ఫ్, ఎలుకల కాలికి గాయం చేశాక వాటి వెన్నుపాములోని కణాలే మారిపోవడం గమనించాడు. ఇంతకుముందు పలకని చిన్న తాకిడికి కూడా అవి పలుకుతున్నాయి. గాయం అంచు దాటి, బాగున్న చోట ముట్టుకున్నా పలుకుతున్నాయి. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో ఆకు కదిలినా కుక్క మొరుగుతుంది చూడండి, అలా. నాడీవ్యవస్థ నొప్పిని మోయడమే కాదు, నేర్చుకుంటుంది కూడా.

పుస్తకంలో ఇది గ్రాఫు. క్లినిక్‌లో ఎలా ఉంటుందో చెప్తాను. భీమవరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. జారిపడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు, ఎముక చక్కగా అతికింది. కట్టు విప్పి నెలలు దాటినా కుడిచేతిని కొంగులో దాచుకుని తిరుగుతోంది. వెంట వచ్చిన భర్త ఫిల్ము కవరు బల్ల మీద పెట్టి, “ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారండీ, పని ఎగ్గొట్టడానికంటున్నారు మావాళ్లు” అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ట్రేలోంచి దూది తీసి, ముందు ఎడమచేతి మీద రాశాను. “మెత్తగా ఉందండి.” కుడిచేతి వెనకభాగం మీద రాయబోతే, దూది ఇంకా ఆనిందో లేదో చెయ్యి లాక్కుంది. కళ్లలో నీళ్లు. ఆ చెయ్యి రెండోదానికంటే వేడిగా ఉంది, ఎర్రగా నిగనిగలాడుతోంది, ఆ చేతి గోళ్లు పెరిగే తీరు కూడా మారింది. ఇవేవీ ఎవరూ నటించగలిగేవి కావు. “అమ్మా, మీ నొప్పి నిజమే, దీనికి పేరుంది” అన్నాక ఆవిడ మొదటిసారి నా వైపు చూసింది. ఎముక మానింది, నరాల లెక్క మానలేదు అని భర్తకు చెప్పాను. అర్థమైందో లేదో గానీ ఫిల్ము కవరు మళ్లీ సంచీలో పెట్టేశాడు.

ఆవిడకు మందులతోపాటు అద్దం చికిత్స కూడా చేశాం. ఇది మన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి పోయినవాళ్లకు, లేని చేతిలో నొప్పి తగ్గించడానికి కనిపెట్టిన ఉపాయం. నడుమ అద్దం నిలబెట్టి, నొప్పి చేతిని వెనక దాచి, బాగున్న చేతిని కదిలిస్తే, అద్దంలో రెండో చెయ్యి హాయిగా కదులుతున్నట్టు మెదడుకు కనపడుతుంది. అందరికీ పనిచేయదు. ఆవిడకు కొంత పనిచేసింది. షెడ్డు పనికి మళ్లీ వెళ్లలేకపోయింది కానీ జడ తనే వేసుకుంటోంది.

వెన్నుపాములో ఈ మార్పు తెచ్చేవి నాడీకణాలొక్కటే కావు. 2003లో జపాన్ పరిశోధకులు మైక్రోగ్లియా అనే కాపలా కణాలను పట్టుకున్నారు. నరం దెబ్బతిన్నాక వాటి మీద పీ2ఎక్స్4 అనే గ్రాహకం పెరుగుతుంది. దాన్ని తట్టేది ఏటీపీయే. ఆ గ్రాహకాన్ని మూసేస్తే ఎలుకల్లో నొప్పి తగ్గింది. చాలా సంబరపడ్డాం. తర్వాత 2015లో కెనడాలో జెఫ్రీ మోగిల్ బృందం ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. మైక్రోగ్లియా కథ మగ ఎలుకల్లోనే నడుస్తోంది. ఆడ ఎలుకల్లో అదే నొప్పి వేరే రోగనిరోధక కణాల మీదుగా వస్తోంది. ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు మగ ఎలుకలనే వాడారు, ఆడవాటి హార్మోన్లు లెక్కలు పాడుచేస్తాయని. నొప్పి క్లినిక్‌లకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇంతకంటే నేను వ్యాఖ్యానించను.

మెదడు సంగతి త్వరగా చెప్తాను, ఎందుకంటే రంగుల బొమ్మలు చూపించి మెదడు గురించి చెప్పేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. షికాగోలో వానియా అప్కారియన్ బృందం కొత్తగా నడుము నొప్పి వచ్చినవాళ్లను ఏడాదిపాటు వెంటాడింది. ఎవరికి నొప్పి స్థిరపడిపోతుందో నడుము చూసి చెప్పడం కంటే, మెదడులో భావోద్వేగానికి, కోరికకు సంబంధించిన రెండు చోట్ల మధ్య సంభాషణ చూసి చెప్పడమే మేలని 2012లో ప్రకటించారు. నొప్పి పాతబడే కొద్దీ అది దెబ్బను గుర్తించే భాగాల నుంచి భయాన్నీ జ్ఞాపకాన్నీ మోసే భాగాలకు జరుగుతుందని ఆ తర్వాత చూపించారు. ఒక జర్మన్ అధ్యయనంలో తుంటికీలు అరిగినవాళ్ల మెదడులో బూడిదరంగు పదార్థం కొన్నిచోట్ల తగ్గి, కీలు మార్చి నొప్పి పోయాక మళ్లీ పెరిగింది. కాబట్టి నేర్చుకున్నది మరిచిపోవడమూ ఉంది. అయితే స్కానర్‌లో పెట్టి ఈయనకు నొప్పి ఉంది, ఈవిడకు లేదు అని చెప్పే యంత్రం లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఇప్పుడు ఎమ్మారై దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, మన ఊళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని నా నమ్మకం. 2015లో ఒక అమెరికన్ పత్రికలో, నడుము నొప్పి లేనే లేని 3110 మంది స్కానులను 33 అధ్యయనాల నుంచి కూడగట్టి లెక్క వేశారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 37 మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 మందికి ఉంది. డిస్కు ఉబ్బడం ఇరవైల్లో 30 మందికి, ఎనభైల్లో 84 మందికి. అంటే డిస్కులో ముడతలు ముఖం మీది ముడతల్లాగే వయసుతో వస్తున్నాయి. ముఖం మీది ముడతలు నొప్పి పెడుతున్నాయని ఎవరూ అనరు.

మన స్కానింగ్ సెంటర్లో ఏం జరుగుతుంది? బస్సు దిగి నడుం పట్టుకుని వచ్చిన నలభై ఏళ్ల మనిషి చేతికి “ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, నరం మీద ఒత్తిడి” అని రెండు పేజీల రిపోర్టు వస్తుంది. దాన్ని చూసినాయన, “అరిగిపోయింది, బరువులెత్తకు, వంగకు, కింద కూర్చోకు, ఎప్పటికైనా ఆపరేషనే” అంటాడు. ఆ నాలుగు మాటలు ఆ మనిషి ఒంట్లో పదేళ్లుంటాయి. వంగడం మానేస్తాడు. వీపు కండరాలు బిగుసుకుపోతాయి. పొలం పనికి మనిషిని పెట్టుకుంటాడు, అప్పు పెరుగుతుంది, నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే నొప్పి పెరుగుతుంది. భయం నొప్పిని పెంచడమనేది వేదాంతం కాదు, వెన్నుపాములోని ఆ ద్వారం తెరుచుకోవడమే. రిపోర్టు రాసినాయన అబద్ధం రాయలేదు. “ఈ వయసుకు మామూలే” అనే మాట కలపలేదు, అంతే.

కొన్ని సందర్భాల్లో స్కాన్ తప్పనిసరి అని కూడా చెప్పాలి, లేకపోతే రేపు నన్నే తిడతారు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాత క్యాన్సర్, కాలు చచ్చుబడటం, మూత్రం మీద అదుపు పోవడం, ఇవి ఉంటే ఆ రోజే పరుగెత్తాలి.

ఆపరేషన్ల మాట కూడా. 2002లో హ్యూస్టన్‌లో మోకాలి అరుగుదల ఉన్న 180 మందిని తీసుకుని, కొందరికి కీలు లోపల గొట్టం పెట్టి శుభ్రం చేశారు, కొందరికి పైన చిన్న కోతలు పెట్టి కుట్టేశారు. ఎవరికేం చేశారో రోగులకు తెలియదు. రెండేళ్లు చూసినా రెండు వర్గాలకూ నొప్పిలో తేడా లేదు. అంటే మొత్తం ఆపరేషన్లే దండగ అని కాదు. నడవలేనంతగా చెడ్డ కీలును మార్పించుకుని లేచి తిరుగుతున్నవాళ్లు ఈ సభలోనే ఉండి ఉంటారు.

మెదడు, ద్వారం, భయం అని ఇంతసేపు చెప్పాక ఒక ప్రమాదముంది. “అంతా నీ మనసులోనే ఉంది” అని పాత చీత్కారాన్నే కొత్త భాషలో అనడం. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు మొదటిసారి రాసిపెట్టిన ఫ్లోరోసిస్ మనోభావం కాదు. నల్లగొండలో మర్రిగూడ వైపు వెన్ను వంగి బిగుసుకుపోయిన మనుషులు తాగిన నీళ్లలో విషం ఉంది. వాళ్లకు కావలసింది ముందు మంచినీళ్లు. 2006లో మన జిల్లాల్లో చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి చేతివేళ్లు ముడవలేకపోయినవాళ్లు కొల్లలు. వైరస్ పోయాక కూడా కొందరి కీళ్ల నొప్పి మిగిలింది. అక్కడ వాపు ఎంత, నేర్చుకున్న నరం ఎంత అని విడదీయడం ఇవాళ్టికీ తేలిక కాదు. సుబ్బారావుగారి లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ మందు ఇవాళ కీళ్లవాతానికి మొదట రాసే మందు. అది వాపును అణిచేసి, రక్తపరీక్ష మామూలుకొచ్చాక కూడా కొందరు రోగులు నొప్పి ఉందంటారు. పాత పద్ధతిలో మోతాదు పెంచుతాం. కొత్త పద్ధతిలో, ఇది మిగిలిన వాపా, మారిన నాడీవ్యవస్థా అని ఆగి అడుగుతాం. రెండో రకానికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఒక ప్రత్యేక వర్గాన్నే ఏర్పరచింది.

మందుల వేట సంగతి నిరాశతో కూడుకున్నది. 2006లో ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన మూడు కుటుంబాల గురించి నేచర్‌లో వచ్చింది. అక్కడ వీధిలో చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులడిగే పిల్లవాడొకడు ఉండేవాడు. నొప్పి అంటే తెలియదు. పద్నాలుగు నిండకుండానే ఇంటి కప్పు మీదినుంచి దూకి చనిపోయాడు. ఆ కుటుంబాల్లో ఒకే జన్యువు పనిచేయడం లేదు, నరాల్లో ఎన్ఏవీ1.7 అనే సోడియం ద్వారాన్ని తయారుచేసేది. దాన్ని మూసే మందు దొరికితే చాలనుకుని కంపెనీలన్నీ పరుగెత్తాయి. ఇప్పటిదాకా ఒక్కటీ బజారుకు రాలేదు. దాని తోబుట్టువు ఎన్ఏవీ1.8ని మూసే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది తాజా నొప్పికి. సయాటికా మీద చేసిన పరీక్షలో మందు లేని ఉత్తి మాత్ర కూడా దాదాపు అంతే ఉపశమనం ఇచ్చింది. పీ2ఎక్స్3ని మూసే మందు చివరికి నొప్పికి కాక మొండి దగ్గుకు పనికొచ్చింది!

నల్లమందు జాతి మందుల కథ మీకు తెలిసిందే. 1996లో అమెరికాలో ఆక్సికాంటిన్ బజారుకొచ్చాక జరిగిన నాశనం ఇంకా ఆగలేదు. పైగా 2018లో అక్కడే 240 మంది మీద ఏడాదిపాటు చూస్తే, పాత నడుము, కీళ్ల నొప్పులకు ఆ జాతి మందులు మామూలు మందుల కంటే మెరుగు కాదని తేలింది. మన దేశంలో తప్పు వేరే వైపు జరిగింది. 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో క్యాన్సర్ రోగికి అవసరమైన మార్ఫిన్ కూడా దొరకనీయకుండా చేశాం. 2014లో చట్టం సడలించినా జిల్లా ఆస్పత్రుల్లో ఆ మాత్ర ఇంకా అపురూపమే. రెంటినీ ఒక గాటన కట్టకండి. చివరి దశ క్యాన్సర్‌కు మార్ఫిన్ న్యాయం. పదేళ్ల నడుము నొప్పికి కాదు.

మాటలతో నొప్పి తగ్గుతుందా? కొలరాడోలోని బౌల్డర్‌లో 151 మంది మీద చేసిన ప్రయోగం 2022లో అచ్చయింది. వెన్నులో ప్రమాదమేమీ లేదని ముందు ఒక డాక్టరు వివరించి చెప్తారు. తర్వాత నాలుగు వారాలపాటు, నొప్పి వచ్చినప్పుడు దాన్ని ప్రమాదంగా కాక మెదడు వేసిన తప్పు కేకగా చూడటం నేర్పుతారు. చికిత్స ముగిసేసరికి నూటికి 66 మందికి నొప్పి పోయింది లేదా పోయినంత పనైంది. ఉత్తి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో 20 మందికి, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 10 మందికి అలా జరిగింది. అయితే వాళ్లు చాలావరకు చదువుకున్నవాళ్లు, నొప్పి మరీ తీవ్రంగా లేనివాళ్లు. ఉప్పు మళ్లలో పనిచేసే మనిషికి అదే ఫలితం వస్తుందని నేను చెప్పను. ఆయన నడుము మీద రోజూ నిజమైన బరువు పడుతోంది. పైగా అక్కడ ఒక్కో రోగితో గంటసేపు కూర్చున్నారు. మన ఓపీలో రెండు నిమిషాలు. బీమా లెక్కల్లో ఆపరేషన్‌కు ధర ఉంటుంది, మాట్లాడినందుకు ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో, 2022లో అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో, దీర్ఘకాలపు నొప్పికి మొట్టమొదటిసారి సొంత గడి దొరికింది. దాని కోడ్ ఎంజీ30. ఇంకో జబ్బు గుర్తుగానే కాదు, అదే జబ్బుగా కూడా ఉండొచ్చని ఒప్పుకున్నారు. ఇక్కడున్న కుర్ర డాక్టర్లు కేస్ షీట్ మీద ప్రశ్నార్థకం పెట్టి వదిలేసే బదులు ఆ కోడ్ రాయడం మొదలుపెడితే, మన రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కయినా తేలుతుంది.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది మన ఊరి ప్రతి ఆర్ఎంపీ బల్ల మీదికీ వచ్చేది. 2022లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా నడుము పట్టేసిన 98 మంది రక్తం తీసి, మూడు నెలలు చూశారు. నొప్పి తగ్గిపోయినవాళ్ల రక్తంలో మొదటి రోజుల్లో వాపు కణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, బాగా చురుగ్గా ఉన్నాయి. నొప్పి నిలిచిపోయినవాళ్లలో ఆ కదలికే లేదు. ఎలుకలకు మొదట్లోనే డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ ఇస్తే అప్పటికి నొప్పి తగ్గింది గానీ మొత్తం మీద ఎక్కువ రోజులు నడిచింది. బ్రిటన్ జనాభా సమాచారంలో కూడా, మొదట్లో వాపు మాత్రలు వాడినవాళ్లలో నొప్పి నిలిచిపోవడం ఎక్కువగా కనిపించింది. మనుషుల్లో చీటీ వేసి సగం మందికి మందు, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి చూస్తేగానీ ఇది తేలదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువ మాత్రలు మింగి ఉండొచ్చు కదా. అందుకని ఎవరూ ఇవాళ రాత్రి మాత్రలు మానేయకండి. నడుం పట్టేసిన మొదటి రోజే సూది వేయించుకునే అలవాటు ఉన్న ప్రాంతం మనది. ఆ పరీక్ష ఎక్కడైనా జరగాలంటే ఇక్కడే జరగాలి. మన మెడికల్ కాలేజీల్లో ఎవరైనా మొదలుపెడితే రోగులను పంపే బాధ్యత నాది.